ఇసుక పుట్టిల్లు

కన్నతండ్రి నిజాయితీని నిరూపించబోయి, నలుగురి ముందు ఆయన్నే దోషిగా నిలబెట్టిన కొడుకులు లోకంలో ఎందరున్నారో నాకు తెలియదు. ఆర్మూర్‌లో మాత్రం ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా ఏమీ అనుకోను, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల చివర్లో నేను హైదరాబాదులో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. నా ప్రాజెక్టు, పోచంపాడు దగ్గరి గోదావరి ఇసుక. అందులోని పలుగురాయి రేణువులకు మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి, అవి ఏ రాతి నుంచి విడిపోయి వచ్చాయో తేల్చాలి. కటకం కింద తిప్పితే ఒక రేణువు ఒక్కసారిగా నల్లబడుతుంది, ఇంకొకదాని మీద నీడ మెల్లగా పాకుతుంది. పాకిందంటే అది భూమి అడుగున నలిగి వచ్చిన రాతి బిడ్డ అని అనుమానించవచ్చు. ఇంత పని చెయ్యడానికి గుప్పెడు ఇసుక చాలని మా ప్రొఫెసర్ చెప్పారు. శాస్త్రాన్ని గుప్పెడుతో అవమానించడం ఇష్టంలేక నేను మూడు గోనె సంచులు నింపి ఇంటికి తెచ్చాను. కడిగి, ఆరబోసి, అందులోంచి గుప్పెడు తీసుకుని హైదరాబాదు వెళ్లాను.

మళ్లీ వేసవి సెలవులకు వచ్చేసరికి పసుపు అమ్మకాలు జోరుగా ఉన్నాయి. డిపార్ట్‌మెంటులో మూలపడ్డ పాత మైక్రోస్కోపు ఒకటి బతిమాలి వెంట తెచ్చుకున్నాను. రెండోరోజు మా నాన్న, అదే మా బాపు, వెంట మార్కెట్‌కు వెళితే, రైతుల సరుకు వేలం వేయించే ఆడతి దుకాణం గంగారాం సేటు మా పొలం పసుపు సంచులు కుమ్మరించాడు. కొమ్ములతోపాటు సంచుల అడుగు నుంచి దోసెడు ఇసుక రాలింది.

“మల్లన్న, నువ్వే కలిపినవ్ అంటలేను. కానీ గీ మాల్ వేలంల పెడితే నా పేరు పోతది,” అన్నాడు సేటు.

మా బాపు ముప్పై ఏళ్లుగా ఆ దుకాణానికే పసుపు తెస్తున్నాడు. మల్లయ్య సంచి అంటే చెయ్యి పెట్టి చూడకుండా కొనేవాళ్లు. ఆయన భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని అలాగే నిలబడ్డాడు. నాకు కడుపు మండిపోయింది. ప్రతి ఇసుక రేణువుకూ ఒక పుట్టిల్లు ఉంటుందనీ, దాన్ని నేను పట్టుకుంటాననీ, ఎవరి ఇసుకైతే తప్పు వాళ్లదేననీ పదిమంది వినేలా ప్రకటించాను. సేటు సరేనన్నాడు.

బాపు మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు బిడ్డ. ఇంటికి తీస్కపోయి జల్లెడ పట్టుకొద్దాం.”

ఆ మాట విని ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. సైకిల్ మీద ఇంటికి పరిగెత్తి మైక్రోస్కోపు, నా ఫోటోల పుస్తకం, మా పొలం మట్టి గుప్పెడు పట్టుకొచ్చాను. హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు. ముందు మా పొలం మట్టి చూశాను. మా ఊరి గుట్ట రాళ్ల నుంచి కొట్టుకొచ్చిన రేణువులు పగిలిన గాజుపెంకుల్లా మొనలు తేలి ఉన్నాయి. పసుపులోవి గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. మా పొలానివి కావని తేలిపోయింది. బాపు మొహం వెలిగింది.

బుద్ధిమంతుడైతే అక్కడ ఆగేవాడు. నాకు బుద్ధి కంటే చదువు ఎక్కువైంది. ఫోటోల పుస్తకం తెరిచి పక్కన పెట్టి, ఇది పోచంపాడు గోదావరి ఇసుకేనని తేల్చాను. సేటు కొత్త గోదాము కట్టిస్తున్నాడు, ఎదురుగా ఇసుక కుప్ప ఉంది. వేలెత్తి దాన్ని చూపించాను.

సేటుకు కోపం రాలేదు. తన కుప్ప ఊరవతలి వాగుదని చెప్పి, గుప్పెడు తెప్పించి నా ముందు పెట్టాడు. చూశాను. అన్నీ గాజుపెంకులే.

“మరి గోదారి ఇసుక ఈడికి ఎవలు తెచ్చిండ్రు?” అన్నాడు.

నిజంగానే ఆలోచనలో పడ్డాను. బాపు ఫోటోలవైపు చూశాడు, నావైపు చూశాడు.

“మాఘమాసంల మూడు సంచులు తెస్తివి గదా. యాడ ఆరబోసినవ్ బిడ్డ?”

“పరదా మీద.”

“ఏ పరదా?”

మా ఇంట్లో పరదాలు, అంటే నేల మీద పరిచే టార్పాలిన్లు, రెండే. రెండూ పసుపు ఆరబోసేవే. అటూ ఇటూ ఓసారి దులిపి, మడతపెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్లిన సంగతి నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు, అందులో కనిపించేది ఏమీ లేకపోయినా.

సేటు అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. “మస్తు చదివిపిచ్చినవ్ మల్లన్న. ఇసుక ఉన్నదని మాత్రమే నేనన్న. పోసింది ఎవలో నీ కొడుకే చెప్పిండు.”

ముందుగా నవ్వింది మా బాపే. తప్పు మాదేనని ఒప్పుకుని సంచులు బండికెత్తించాడు. రెండు రోజులు జల్లెడ పట్టింది నేను. మూడోనాడు అదే పసుపు అదే దుకాణంలో వేలానికొస్తే సేటు సంచి విప్పి చూడలేదు. ఇసుక ఉంటే వీళ్ల పిల్లగాడే వచ్చి పట్టిస్తాడని కొనేవాళ్లకు చెప్పాడట.

నదీమూలం, ఋషిమూలం అడగొద్దని పెద్దలన్నారు. ఇసుకమూలం కలపడం మరిచారు, ఆ లోటు నేను తీర్చాను. మా ఆర్మూర్ గుట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఇసుక రేణువునూ నలుగురిలో నిలబెట్టి నీ పుట్టిల్లెక్కడని అడగను. అడగక తప్పకపోతే, ముందు ఇంటికి వెళ్లి మా పరదా దులిపి వస్తాను.