పురుగులు ఒప్పుకున్న ఆకు

ఈ మధ్య రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి చివరి కూరగాయల కొట్టతను టమాటాల బుట్ట మీద ‘మందు కొట్టనివి’ అని రాసిన అట్టముక్క గుచ్చాడు. ఒక కాయ తీసి వాసన చూశాను, పెట్టేశాను, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాను. కొట్టలేదని నీకెట్లా తెలుసయ్యా అని అడిగితే, అంతా నమ్మకమే కదమ్మా అని నవ్వాడు. చివరికి కొన్నాను. ఇంటికి తెచ్చి మూడుసార్లు కడిగి నాలుగోసారికి నీళ్ళు పడుతుంటే, తొక్క ఊడొస్తుంది ఇక వదిలెయ్యమన్నారు మా ఆయన. ఈ చాదస్తం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. క్యాసంబళ్ళి దగ్గర మా చిన్నమ్మ ఇంట్లో పది రోజులుండి తెచ్చుకున్నాను.

నేను బడి ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో చిన్నమ్మ జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పుడే ఆమె పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. కుబుసం విడిచే ముందు పురుగులు మేత మానేసి పడుకుంటాయి, దాన్నే అక్కడ జ్వరం అంటారు. నాలుగోది తీరి లేచాక వాటి ఆకలికి అంతుండదు, ఇంటిల్లిపాదీ ఆకు కోసి వేస్తూనే ఉండాలి. చాక్‌పీసు తప్ప ఇంకోటి పట్టని చేతులతో నేను సాయానికి బయలుదేరాను. చిన్నమ్మ నన్ను పురుగుల ఇంటి గడపలోనే ఆపేసింది. అరవైలో పడ్డా ఆమెకు నేను పాపనే. “పౌడరేసుకోని యాడికి వస్తావు పాపా? మొగం కడుక్కోని, ఆ దోమల క్రీము పోయేదాకా చేతులు రుద్దుకోని రా” అంది. పురుగులకు ఏ వాసనా పడదు. ఆ ఇంట్లో ఊదుబత్తి కూడా వెలిగించరు. నన్ను దోమలు తిన్నాయి, ఆకును పురుగులు తిన్నాయి, నాకు మాత్రం కూర్చుని తినే తీరిక దొరకలేదు.

మల్బరీ తోటను ఆనుకొనే చిన్నాయన టమాటా వేశాడు. వారానికి రెండుసార్లు దానికి మందు కొట్టేవాడు. కొట్టే ముందు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు పోతోందో చూసేవాడు. మల్బరీ వైపు పోతే పంపు దించేసేవాడు, దారి వైపు పోతే మొదలుపెట్టేవాడు. మరి దారిన పోయేవాళ్ళో అంటే, వాళ్ళకు ముక్కు మూసుకోవడం తెలుసు, పురుగులకు తెలియదు కదా అనేవాడు. మందు కొట్టిన రోజు తలస్నానం అయ్యేదాకా ఆయన పురుగుల ఇంటి ఛాయలకు రాకూడదు. ఇంట్లో కూరకు వంటింటి వెనక మందు తగలని నాలుగు మొక్కలు వేరే ఉండేవి. ఇందులో ఎవరికీ దాపరికం లేదు, చుట్టుపక్కల చాలా ఇళ్ళలో అదే పద్ధతి.

తొమ్మిదో రోజు పొద్దున మందు కొడుతుండగా గాలి తిరిగింది. మల్బరీ మీద చుక్క పడలేదని చిన్నాయన గట్టిగా చెప్పాడు. చిన్నమ్మ నమ్మలేదు. టమాటా పక్కనున్న సాళ్ళ నుంచి గుప్పెడు ఆకు కోసుకురమ్మని నన్ను పంపింది. ఇరవై పురుగుల్ని చాటలోకి వేరు చేసి, ఆ ఆకు వాటికి మాత్రం వేయించింది. ఆకు మీద అనుమానం వస్తే పురుగులు పెంచేవాళ్ళు చేసే పరీక్ష ఇది. నేను కాలు నిలవక చాట దగ్గరికి పదిసార్లు తిరిగాను. మధ్యాహ్నం దాకా బాగానే తిన్నాయి. పొద్దు వాలేసరికి తలలు ఊపుతూ, పచ్చటి నీళ్ళు కక్కుతూ ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. ఆ సాళ్ళ ఆకంతా కోసి గుంటలో పూడ్చి, మిగతా ఆకుతోనే పురుగుల్ని గట్టెక్కించాం.

మర్నాడు టమాటాలకు టెంపో వచ్చింది. నిన్న మందు తాగిన కాయలే క్రేట్లలో ఎక్కుతున్నాయి. చిన్నమ్మ ఎడమ చేత్తో చాట చంకన పెట్టుకొని వచ్చి, చచ్చిన పురుగులతో సహా దాన్ని పై క్రేటు మీద పెట్టింది. అందరూ ఆగిపోయారు.

“పురుగుకైతే ముందు కొన్నింటికి తినిపించి చూస్తాం. ఇవి తినే మనుషులకు ఎవురు చూస్తా ఉండారు?” అంది.

చిన్నాయన క్రేటు దగ్గరికి వచ్చాడు. “అందురూ చేసేది ఇదే కదమ్మే. ఇంగ వారం పెట్టుకుంటే కుళ్ళిపోతాయి” అని, చాటను మెల్లగా తీసి నేల మీద పెట్టాడు. టెంపో కదిలింది. ముందు సీట్లో నేనున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళిపోవాలని ముందే అందులో సంచి పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు మంచీచెడూ చెప్పినదాన్ని, ఒక్క మాట అనలేదు, దిగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి పంటకు చిన్నమ్మ మందు డబ్బాల్ని గడప తొక్కనివ్వలేదు. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి కలిపి ఎరువుకని పీపాలో పులియబెట్టింది. టమాటాకు పురుగు పడితే కొట్టడానికి కషాయాలు కాచింది. ఏ కషాయమైనా ముందు గుప్పెడు మల్బరీ ఆకు మీద చల్లి ఇరవై పురుగులకు వేసేది. పొగాకు కూడా ఆకేగా అని చిన్నాయన ఎంతో మురిపెంగా కాచిన కషాయానికీ పురుగులు చచ్చాయి, కుండతో సహా పారబోయించింది. మొదటి సంవత్సరం కాయలు సగం పుచ్చులే. ఆయన మూతి ముడుచుకుని తిరిగాడు గానీ పాత మందుల జోలికి పోలేదు. ఇప్పుడు వాళ్ళ కాయలు చిన్నవే అయినా, టమాటా పక్క సాళ్ళ ఆకును కూడా పురుగులు నిశ్చింతగా తింటున్నాయి. ఫోన్లో ఆ మాట విన్నప్పుడల్లా నాకెంతో సంతోషం.

అయినా మనసుకు కుదురు లేదు. ఆ రోజు నా వెనకే ఊగుతూ వచ్చిన క్రేట్లు ఎవరెవరి వంటిళ్ళకు చేరాయో తెలియదు. మా వంటింటికే వచ్చాయేమో కూడా. పురుగులు సాయంత్రానికల్లా చెప్పేశాయి. మనుషుల ఒంట్లో ఆ కబురు తెలియడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ ఏళ్ళే మనమంతా ఇప్పుడు గడుపుతున్నాం.