నాయన నంబరు

నాకు ముప్పై ఐదు దాటాయి. ఉద్యోగానికి రోజూ బస్సులో పోయి వస్తాను. కిటికీ పక్కన సీటు దొరికితే సంచిలోంచి వీడియో గేమ్ తీసి ఆడుకుంటాను. ఫోనులో ఆట కాదు. అరచేతిలో పట్టే బూడిదరంగు డబ్బా. ఎడమవైపు నాలుగు చిన్న గుండీలు, కుడివైపు ఒక పెద్ద గుండీ. పైనుంచి ఇటుకలు రాలుతుంటాయి, వాటిని తిప్పి వరుసల్లో పేర్చాలి. వెనక బ్యాటరీ సెల్లుల మీది మూత ఎప్పుడో పోయింది. సైకిల్ ట్యూబును పట్టీలా కోసి ఆ చోట బిగించాను.

మొన్న పక్కసీటులో కూర్చున్న ఒకాయన చాలాసేపు చూసి, "ఎవురిదమ్మా అది, మీ పిల్లోనిదా?" అన్నాడు.

"కాదన్నా. నాదే."

"ఈ వయసులో ఇదేం ఆటమ్మా?"

"ఈ వయసులో నువ్వు పేకాట ఆడవా?" అన్నాను. ఆయన నవ్వుకుంటూ గార్లదిన్నెలో దిగిపోయాడు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. పదేళ్ల వయసులో ఈ డబ్బా కోసం ఊరందరి ముందూ పెద్దమనిషికి ఎదురు చెప్పినదాన్ని, బస్సులో ఒక మనిషికి జంకుతానా?

దీన్ని నాయన బెంగళూరు నుంచి తెచ్చాడు. మాది బోరు ఎండిపోయిన ఐదెకరాల ఎర్రనేల. వానొస్తే శెనక్కాయ, రాకపోతే బెంగళూరు. వరసగా రెండేళ్లు వాన రాలేదు కాబట్టి నాయన అక్కడ బేల్దారి పనిలో ఉండేవాడు. కట్టే మేడలకు ఇటుకలు మోసి, అందించి, పేర్చే పని. రెండు మూడు నెలలకోసారి ఇంటికొచ్చి, ఒక్క రాత్రి ఉండి పోయేవాడు. ఒకసారి అలా వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి దీన్ని తీసి నా చేతిలో పెట్టాడు. అమ్మకు రవికె గుడ్డ తెచ్చాడు. అమ్మ రవికె గుడ్డను పక్కన పడేసి, "దుడ్లు ఎక్కువైనాయా నీకు?" అని గంటసేపు తిట్టింది. నాకు అవేవీ వినపడలేదు.

ఆట నేర్పింది కూడా నాయనే. ఒక వరుస సందు లేకుండా నిండితే అది మాయమైపోతుంది. మొదటిసారి అలా మాయమైనప్పుడు నాయన పగలబడి నవ్వాడు. "చూసినావా పాపా, వరస నిండితే గోడే లేకుండా పోతాది. మా మేస్త్రీ చూస్తే గుండె ఆగి చస్తాడు!" అన్నాడు. నాయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు చూసినట్టు గుర్తులేదు. అందుకే నాకు ఈ డబ్బా అంటే అంత ప్రాణం.

డబ్బాలో ఒక సంగతి ఉంది. ఎవరు ఎక్కువ పాయింట్లు చేస్తే ఆ నంబరు పైన మూలలో నిలిచిపోతుంది. కట్టేసి మళ్లీ తెరిచినా అలాగే ఉంటుంది. ఇంకెవరైనా దాన్ని దాటితే పాతది చెరిగిపోయి కొత్తది వస్తుంది. సెల్లులు తీస్తే మాత్రం అంతా సున్నా. నాయన వచ్చినప్పుడల్లా కొత్త సెల్లులు తెచ్చి వేసేవాడు. పోయే రోజు బస్సు హారన్ వినపడేదాకా ఆడి, ఒక నంబరు పెట్టి, "నేనొచ్చేసరికి దీన్ని దాటల్ల" అని చెప్పి పోయేవాడు.

నేను దాటలేదు. దాటలేక కాదు. మొదటిసారి నాయన నంబరుకు దగ్గరగా వచ్చినప్పుడు, ఇంకొక్క వరుస నింపితే అది చెరిగిపోతుందని తెలిసి నా వేళ్లు ఆగిపోయాయి. ఇంట్లో నాయనది ఏముంది? కొయ్యకు తగిలించిన పాత తువ్వాలు, మూలన ఎద్దులు లేని కాడి, ఆ నంబరు. ఇటుకల్ని అడ్డదిడ్డంగా పడేసి కావాలనే ఓడిపోయాను. ఆ తర్వాత అదే నా ఆట అయింది. అంచుదాకా పోయి ఆగిపోవడం. సెల్లులు అరిగిపోతాయని అది కూడా తగ్గించాను. రోజుకు ఒక్కసారి తెరిచి నంబరు చూసుకుని కట్టేసేదాన్ని.

నాయన వచ్చి చూసి ఎగతాళి చేసేవాడు. "ఏం పాపా, ఇంగా దాటలేదా? బేల్దారోని కూతురివై నాలుగు ఇటుకలు పేర్చలేవా?"

"అమ్మ పని చెప్తాది. యాడ ఆడేది?" అని అబద్ధం చెప్పేదాన్ని. ఒళ్లు మండేది. అయినా చెప్పలేదు.

ఆ ఏడు సంక్రాంతి ముందు వచ్చి నాయన పెట్టి పోయిన నంబరు ఏడువేల ఎనిమిది వందలు.

మాఘ పున్నమికి మా ఊరు ఖాళీ అవుతుంది. దాన్ని అగ్గిపాడు అంటాం. పొద్దు పొడవకముందే పొయ్యిల్లో బూడిద ఎత్తి పారబోసి, తలుపులకు తాళాలు వేసి, గొర్రెలూ ఎనుములూ కోళ్లతో సహా వంక అవతలి చింతతోపులోకి పోతాం. పొద్దు గుంకేదాకా ఎవరూ అగ్గి ముట్టించకూడదు, దీపం పెట్టకూడదు, బీడీ కూడా తాగకూడదు. ఊళ్లో కరెంటు లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు పీకేస్తారు. ముందురోజు చేసుకున్న జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి తిని ఆ రోజంతా అక్కడే ఉంటాం. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. నియమం తప్పితే వాన రాదని మాత్రం అందరిదీ ఒకే మాట. "తప్పకపోయినా రాలేదు కదమ్మా" అని అమ్మను అడిగి వీపు మీద ఒకటి తిన్నాను.

ఈ నియమాలన్నీ చూసేది ఊరి పెద్దమనిషి ఒకాయన. పిల్లలం తాతా అనేవాళ్లం. ఆ ఏడు ఆయన ఇంటింటికీ తిరిగి టార్చిలైట్లలోంచి కూడా సెల్లులు తీయించాడు. మా ఇంటికొచ్చినప్పుడు డబ్బాను నా పావడా నాడాలో దోపుకుని ఉన్నాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మధ్యాహ్నం చింతతోపులో పెద్దవాళ్లు నడుం వాల్చారు. ఆ రోజు నంబరు ఇంకా చూసుకోలేదు. ఒక చెట్టు మొదట్లో కూర్చుని గుండీ నొక్కాను. తెరవగానే ఈ డబ్బా ఒక పాట కూస్తుంది. ఇంట్లో ఉంటే దుప్పట్లో చుట్టి తెరిచేదాన్ని, ఆ రోజు మర్చిపోయాను. తోపంతా వినపడింది. తాత లేచి వచ్చాడు.

"ఏందే అది?"

"వీడియో గేమ్ తాతా."

"సెల్లులతో ఆడేదేనా? తీయ్."

"తీయను."

నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమే, పెద్దోళ్లతో ఎట్ల మాట్లాడతాండావు?"

"తీస్తే మా నాయన నంబరు పోతాది" అన్నాను. నంబరు సంగతంతా చెప్పాను. తాత విన్నాడు కానీ తల అడ్డంగా ఊపాడు. "సెల్లంటే అగ్గే పాపా. ఈ పొద్దు అగ్గి ఉండకూడదు."

"అగ్గంటే వెలుగుండల్ల కదా? దీంట్లో వెలుగు లేదు తాతా. ఎండలో పెడితేనే ఇటుకలు కనపడతాయి. చీకట్లో ఇది ఉత్త డబ్బా. నువ్వే చూడు."

మిట్టమధ్యాహ్నం చీకటి ఎక్కడిది? గొర్రెలు కాసే అన్న ఒకడు నవ్వుతూ తన కంబళి తెచ్చాడు. తాత కూర్చున్నాడు, నేను డబ్బా తెరిచి చేతిలో పెట్టాను, ఆయన మీద కంబళి కప్పేశారు. లోపలినుంచి పాట కూసింది. కాసేపటికి తాత గొంతు వచ్చింది. "ఏమప్పా, ఏమీ కనపడలే!"

తోపంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత గొర్రెలన్న దూరాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు దూరారు. బయటికొచ్చిన ప్రతివాళ్లూ చెమట తుడుచుకుంటూ, "లేదప్పా, చీకటే" అన్నారు. నేను అక్కడితో ఊరుకుని ఉంటే గెలిచేదాన్నేమో. నా నోరు ఊరుకోదు కదా. "చూసినావా తాతా, నేను ముందే చెప్పలా?" అని అందరికీ వినపడేట్టు అన్నాను.

ఆయన కంబళిని మెల్లగా మడిచి గొర్రెలన్నకు ఇచ్చాడు. "వెలుగు లేదు, సరే. కూత ఉండాది కదా. కూసేదానికి కరెంటు యాడనించి వస్తాది? ఫీజులు పీకిన పొద్దు కరెంటు మాత్రం ఎట్ల ఉంటాది?" అంటూ డబ్బా తిప్పి, మూత లాగి, రెండు సెల్లులూ తీసేశాడు. తెర మీద ఇటుకలు పోయాయి, నంబరు పోయింది. నాయన ఇంకోసారి ఊరు వదిలి పోయినట్టే అనిపించింది నాకు.

ఏడవలేదు. ఏడిస్తే ఆయన గెలిచినట్టు. "తాతా, నీ చేతిగడియారంలో ఏముండాది?" అన్నాను.

అమ్మ చెంప మీద కొట్టింది. కానీ అప్పటికే అందరి కళ్లూ ఆయన మణికట్టు మీదికి పోయాయి. తాత కూడా చూసుకున్నాడు. గడియారం విప్పి, చాకు అడిగి, వెనక బిళ్ల పెకలించి, చింతగింజంత సెల్లు బయటికి తీశాడు. దాన్నీ నా సెల్లుల్నీ కలిపి తువ్వాలు కొంగున ముడేసుకుని పోయి తన చోట కూర్చున్నాడు. మాట మీద నిలబడే మనిషే అని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రోజు ఒప్పుకోలేదు. ఆగిన గడియారానికి ఎవరినో అడిగి మళ్లీ టైము పెట్టుకోవచ్చు. నాయన నంబరు ఎవరినడిగి పెట్టుకోవాలి?

పొద్దు గుంకాక ఊళ్లోకి వచ్చి, ఇళ్లు కడిగి, పొయ్యిలు ముట్టించాం. తాత తానే మా వాకిట్లోకి వచ్చి రెండు సెల్లులూ అరుగు మీద పెట్టి పోయాడు. వేసి చూశాను. మూలలో ఒక్క సున్నా. అప్పుడు ఏడ్చాను. కొట్టిన అమ్మే వచ్చి పక్కన కూర్చుంది. అంతవరకు ఎవరికీ చెప్పని మాట అమ్మకు చెప్పేశాను.

"అంటే ఇన్నాళ్లూ కావాలనే ఓడిపోతాంటివా?"

"ఊఁ."

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. "ఇంగ ఎవురి నంబరు ఉండాదని ఆపుతావు? ఆడు" అంది. ఆటను రోజూ తిట్టే మనిషి అన్న మాట అది.

ఆడాను. తాత మీద కోపం, బెంగళూరు మీద కోపం, రాని వాన మీద కోపం, అన్నీ వేళ్లలోకి వచ్చాయి. ఎక్కడా ఆగాల్సిన అంచు లేదు. ఇటుకలు ఎంత వేగంగా పడినా నా చేయి వాటికంటే ముందు పోయింది. నాలుగు రోజుల తర్వాత మూలలో నిలిచిన నంబరు పందొమ్మిదివేల నాలుగు వందలు. అది నాది. నాకే భయమేసింది, అంత చేయగలనని తెలియక.

ఉగాదికి నాయన వచ్చాడు. ఎప్పటిలాగే డబ్బా అడిగి, పాత సెల్లులతోనే ఒకసారి తెరిచాడు. నంబరు చూసి ఆగిపోయాడు. కొత్త సెల్లులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

"ఎవురు చేసినారు పాపా ఇది?"

"నేనే."

"నువ్వా?"

"నీ నంబరు తాత తీసేసినాడు నాయనా. లేకుంటే నేను దాటేదాన్ని కాదు" అన్నాను. మిగతాది అమ్మ చెప్పింది. నాయన అంతా విని కొత్త సెల్లుల్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. వాటిని వేయాలంటే పాతవి తీయాలి, తీస్తే నా నంబరు పోతుంది. పాత సెల్లులతోనే ఆడడానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. నాయన తల ఎత్తలేదు. సాయంత్రం బస్సు కూడా పోయింది. "మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు" అని అమ్మ అరిచింది. "తీయనీలే. పదేళ్ల పిల్ల చేతిలో ఓడిపోయి ఏ మొగం పెట్టుకుని పోయేది?" అన్నాడు. మూడు రోజులు ఉన్నాడు. రెండేళ్లలో ఒకేసారి అన్ని రోజులు ఉండడం అదే మొదలు. నేను పక్కన కూర్చుని, "ఆ సందు నిలువుదానికి వదిలిపెట్టు నాయనా, తొందరపడొద్దు" అని నేర్పుతుంటే విసుక్కుంటూ విన్నాడు. పదమూడు వేల దగ్గర ఆగిపోయాడు. అప్పటికే తెర పలచబడింది. సెల్లులు అయిపోవస్తున్నాయి.

నాలుగోరోజు పొద్దున బస్సు దగ్గర డబ్బాను నా చేతిలో పెట్టాడు.

"ఈ సెల్లులు ఇంగ రెండు వారాలు కూడా రావు. అయిపోతే నీ నంబరు పోతాది. ఆ లోపల నేనొచ్చి దాటుతా. అందాకా నువ్వు ఆడొద్దు, నాకోసరం నంబరు చెరిపేయనూ వద్దు."

రెండు నెలలు తిరగకుండా ఎప్పుడూ రాని మనిషి. నేను నమ్మలేదు. రోజుకు ఒక్కసారి తెరిచి చూసుకున్నాను. తెర మీద అంకెలు బూడిద గీతల్లా అయిపోయాయి, ఎండకు అడ్డం తిప్పితే తప్ప కనపడడం లేదు. అయినా పందొమ్మిదివేల నాలుగు వందలు అలాగే ఉంది.

పన్నెండో రోజు పొద్దున నాయన బస్సు దిగాడు. చేతులకు సిమెంటు ఇంకా అలాగే ఉంది. సంచి కింద పెట్టకుండానే చేయి చాపాడు.

"తే పాపా. ఉండాదా ఇంగా?"

"ఉండాది నాయనా" అన్నాను.