బల్ల ముందు విరిచిన చెయ్యి

మా ఏసయ్య గుడి ఎందుకు ఖాళీ అయిందని మార్కాపురం నుంచి పెద్దలు వచ్చి అడిగినప్పుడల్లా, సంఘ కార్యదర్శిగా నేను ఒకే జవాబు చెప్పేవాణ్ణి. ఊరి బయట రేకుల షెడ్డులో కొత్త ప్రార్థన మందిరం పెట్టారు, అక్కడ డ్రమ్ములు, కీబోర్డు ఉన్నాయి, జనం అటు పోయారు అని. అబద్ధం. షెడ్డు తర్వాత వచ్చింది. ముందు నేను ఒక ముసలాయన చెయ్యి విరిచాను.

కొమరోలు దగ్గర మా పల్లెలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె తీసుకునే ముందు, తగాదా ఉన్నవాళ్లు లేచి ఒకరికొకరు చేతులివ్వాలి. ఇవ్వనివాడికి రొట్టె లేదు. నేను తాగి నా భార్యను పలుపుతాడుతో కొట్టిన వారం, సంఘపెద్ద నన్ను అందరి ముందూ బల్లకు దూరం పెట్టాడు. వరసకు ఆయన నాకు మామ.

మరుసటి నెల ఆయనే, బల్లకు ఎదురుగా ఉన్న నా బెంచీ దగ్గరికి వచ్చి కుడిచెయ్యి చాపాడు.

"రా అల్లుడా, ఇంక కొట్టనని చెప్పి చెయ్యియ్యి."

"నా ఇంటి సంగతి నీకేంది మామా?"

"ఇల్లు నీదే లేరా. వీపు మాత్రం ఆ బిడ్డది."

ఆడవాళ్ల చాపల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని వెనక్కి మెలిపెట్టాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన బల్ల మీద పడ్డాడు. ద్రాక్షరసం తెల్లగుడ్డంతా పారింది. అక్కణ్ణించి కిందికి జారినవాణ్ణి డొక్కలో తన్నాను. అడ్డం వచ్చిన ఆయన భార్యను గోడకేసి నెట్టాను. నా చెప్పుల్లేని కాళ్ల కింద రొట్టె ముక్కలు నలిగాయి.

సంఘం పుస్తకంలో "పెద్దగారు కాలు జారి పడినారు" అని రాసింది నేనే. కట్టు కట్టించినా ఆయన ముంజేయి వంకరగానే అతికింది. చేతులిచ్చే ఆచారం ఆ రోజుతో ఆగింది. షెడ్డు లేవగానే అటు పోయిన మొదటి మనిషి నా భార్య. ఆమె వెనక ఒక్కొక్క ఇల్లూ పోయింది.

ఈ ఏడు గిద్దలూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, పోయినవాళ్లను ఇంటింటికీ వెళ్లి అడుగుదామన్నాడు. మా ఇంటితోనే మొదలుపెట్టాడు.

"అక్కా, మీరెందుకు గుడికి రారు?"

నా భార్య చేట కింద పెట్టింది. "సెక్రెటరీగారు మీ పక్కనే కూసున్నాడు గదా అయ్యగారూ. ఆయన్నే అడగండి."

అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అప్పుడే లేచి మామ ఇంటికి పోయాను. ఆయన కొడుకు గడపలోనే నా చొక్కా పట్టుకుని మొహం మీద రెండు గుద్దాడు. పెదవి చిట్లింది. లోపల్నించి మామ, "వదిలెయ్ రా. ఏం చెప్పాలన్నా గుళ్లో చెప్పమను, ఈడ గాదు," అన్నాడు.

బల్ల ఆదివారం నాడు బల్ల ముందు నిలబడి పలుపుతాడు నుంచి పుస్తకం దాకా చెప్పాను. వింటున్నది ఏడుగురు. ఎనిమిదో మనిషి వాకిలి దగ్గర, వంకర చెయ్యి కండువాలో పెట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి చెయ్యి చాపాను.

ఆయన దాని వైపు చూశాడు. "ఇంగా భయమేస్తాంది రా," అన్నాడు.

చెయ్యి ఇవ్వలేదు. కానీ వెళ్లిపోకుండా చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆ పూట నేను రొట్టె తీసుకోలేదు.