మ్యాచ్ కాలేదని చెప్పి ఉంటే

తొమ్మిదేళ్లుగా ఒకామె నాకు దండం పెట్టినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటోంది. దానికి కారణం నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను వరంగల్‌లో యూరాలజిస్టును. ఒకరి కిడ్నీ తీసి ఇంకొకరికి అమర్చడం నా పని. ఆపరేషన్‌కు ముందు, ఇచ్చే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, తలుపు వేసి, నిజంగా ఇష్టమేనా అని అడుగుతాం. భయపడితే, మ్యాచ్ కాలేదని ఇంటివాళ్లకు చెప్పి తప్పిస్తాం. నింద వాళ్ల మీద పడకుండా మేం ఆడే అబద్ధం అది.

ఆమె పాలంపేట వైపు నుంచి వచ్చింది, తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి. తలుపు వేయగానే ఏడ్చింది.

"సార్, నాకు భయమైతాంది. పిల్లలు చిన్నోళ్లు. ఇయ్యనంటే మా అమ్మ నా మొకం సూడది. మ్యాచ్ కాలేదని మీరే చెప్పుర్రి, మీ కాళ్లు మొక్కుత."

"ఫికర్ చెయ్యకమ్మా. అట్లనే చెప్త," అన్నాను.

తలుపు తీశాను. వరండాలో వాళ్లమ్మ ఎదురొచ్చింది. వెనక వీల్‌చైర్‌లో తమ్ముడు, ముఖమంతా ఉబ్బి. "అంతా మంచిగనే ఉన్నదమ్మా, మ్యాచ్ అయింది," అన్నాను.

నోరు జారిందా? జారిందనే చాలా ఏళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. జారలేదు. మా ఆసుపత్రిలో అప్పటికే రెండు కిడ్నీ మార్పిడులు చివరి నిమిషంలో రద్దయ్యాయి, ఇదీ పోతే ఇక కేసులన్నీ హైదరాబాద్‌కే వెళ్తాయని, నేర్చుకున్న పని నా చేతుల్లోనే చచ్చిపోతుందని భయపడ్డాను. ఛీ, ఏం మనిషిని!

ఆమె నా వెనకే నిలబడి వింది. నన్నొకసారి చూసింది. తర్వాత, మార్పిడికి అనుమతిచ్చే కమిటీ ముందు ఇష్టమేనని తలూపింది, సంతకం పెట్టింది. నేనే కోశాను.

తమ్ముడు బాగున్నాడు, ఆటో నడుపుకుంటున్నాడు. ఏటా నాకు బత్తాయిలు తెస్తాడు. తేలు కుట్టిన దొంగలా తీసుకుంటాను. ఆమె కూడా ఏటా పరీక్షకు వస్తుంది. దండం పెడుతుంది, ఆ రోజు సంగతి మాత్రం ఎత్తదు. తిట్టినా బాగుండు.

ఈ వారం ఆమె రిపోర్టు వచ్చింది. ఉన్న ఒక్క కిడ్నీ దెబ్బతింటోంది. బీపీ వల్ల కావచ్చు. కానీ రెండోది ఉండి ఉంటే? ఆ రోజు నేను రెండు ముక్కలు చెప్పి ఉంటే?

మీకు చెప్పేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పలేదు. గురువారం ఆమె వస్తుంది. మళ్లీ ఆ తలుపు వేసి, ఆమె ఎదురుగా కూర్చోవాలి. నాకు భయంగా ఉంది.