మునిరత్నమ్మ మరిచిన మాట

పుత్తూరులో ఢిల్లీబాబు నడిపే ల్యాప్‌టాప్ రిపేరు అంగడికి మునిరత్నమ్మ రోజూ పొద్దున పదింటికల్లా వచ్చేది. ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. పోయినేడు పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి చచ్చుబడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక చూసుకుంటే, తన పాత ల్యాప్‌టాప్ తెరిచే పాస్‌వర్డు కూడా గుర్తులేదు. ఆమె రాస్తున్న టైపు పాఠాల పుస్తకం అందులోనే ఉంది. ల్యాప్‌టాప్‌ను అంగడికి తెచ్చుకుని, మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతికి నొక్కేది. మూడుసార్లు తప్పితే అది మొరాయించేది. ఆపి మళ్ళీ వేసేది. తప్పిన ప్రతి మాటనూ నోటుపుస్తకంలో వంకర అక్షరాలతో రాసుకునేది.

"లోపలుండే డిస్కు తీసి ఇంకోదానికి తగిలిస్తే మీ పుస్తకం వచ్చేస్తాది గదమ్మా. పది నిమిషాల పని," అన్నాడు ఢిల్లీబాబు ఒకరోజు.

"పుస్తకం వస్తాదిలేప్పా. నేను మర్సిపోయింది రాదు గదా," అందామె.

పంతొమ్మిదో రోజున ఆమె నోటుపుస్తకం మూసేసింది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కీబోర్డు మీద పెట్టుకుంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పటిలా రెండు చేతుల వేళ్ళూ సర్దుకుని, కళ్ళు మూసుకుంది. కుడిచేతి వేళ్ళు వణుకుతూ, ఆగి ఆగి, వాటంతటవే కదిలాయి. పాస్‌వర్డు సరిపోయి ల్యాప్‌టాప్ తెరుచుకుంది.

"వచ్చేసినాదమ్మా!" ఢిల్లీబాబు లేచి నిలబడ్డాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. పుస్తకం తెరవకుండానే ల్యాప్‌టాప్ ఆపేసింది.

"ఉండప్పా, ఇంకో తూరి వస్తాదేమో సూడాల," అంటూ మళ్ళీ మొదలుపెట్టింది.