అరవై దాటిన ఊపిరి

మా తమ్ముడు చిన్నప్పటినుంచి మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు. నేను పెద్దతనంలో రాత్రిబడికి పోయి అ ఆలు దిద్దింది వాడు కోసిన పలక మీదే. ఆ రాతిపొడి వాడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. యాభై దాటేసరికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. ఊపిరితిత్తులు మార్చడం ఒక్కటే దారి అన్నారు.

హైదరాబాదు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వాడి పేరు జాబితాలో ఎక్కించుకునే ముందు ఒక ప్రశ్న వేశాడు.

"చనిపోయిన దాత అరవై దాటిన మనిషైతే మిమ్మల్ని పిలవమంటారా, వద్దా?"

"వద్దు" అన్నాను నేను, ఎవరినీ అడక్కుండానే. మా అత్తగారిది బేస్తవారిపేట దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. గొర్రెను కొనాలంటే ముందు నోరు తెరిచి పళ్ళు చూసే అలవాటు నాది. "పళ్ళరిగిన గొర్రెను సంతలో ఎవురన్నా కొంటారా సారూ? పడుచోళ్ళవి చూడండి."

మా మరదలు నా కొంగు లాగింది. "ఊరుకో వదినా! ఇది దర్శి సంతనుకున్నావా?"

డాక్టరు నవ్వి ఓపికగా చెప్పాడు. "పడుచువాళ్ళవైతే మంచిదే పెద్దమ్మా. పెద్దవయసు వాళ్ళవైతే ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం ఇబ్బంది ఎక్కువ రావచ్చు. కానీ వయసొక్కటే చూడం. ఆ మనిషి పొగ తాగాడా, ఎక్స్‌రే ఎలా ఉంది, రక్తానికి ఆక్సిజన్ బాగా అందుతోందా, అన్నీ చూసి బాగున్నవే తీసుకుంటాం. పడుచువాళ్ళవే కావాలని కూర్చుంటే ఆలస్యమవుతుంది. ఈయన అంతకాలం ఆగగలడని నేను చెప్పలేను."

ఆలోచించుకుని రమ్మన్నాడు. వరండాలోకి వచ్చి కూడా నేను తగ్గలేదు. తమ్ముడు గోడకానుకుని కూర్చుని నా వైపు చూశాడు.

"అక్కా... పైకి ఎట్ల వచ్చినావు?"

"మెట్లెక్కి వచ్చినా. ఆ లిఫ్టు డబ్బాలో నేనెక్కను. దానికేంది?"

"నాలుగంతస్తులు. ఎక్కినాక... నర్సుతో కొట్లాడినావు." వాడు ఆగి గాలి పీల్చుకున్నాడు. "నీకెన్నేండ్లు?"

"అరవై ఎనిమిది."

"నీయట్లాంటి ఊపిరి ఇస్తామంటే... వద్దంటావేంది నువ్వు?"

మా మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మళ్ళీ లోపలికి పోయి, "ఏ వయసైనా పిలవండి సారూ" అని చెప్పి వచ్చాను.

ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకున్నాం. ఒక పొద్దున నేను సంగటి కెలుకుతుండగా ఫోను మోగింది. దాత అరవై దాటిన మగమనిషి, వెంటనే రండి అన్నారు. ఆ ఇంట్లో ఎంత ఏడుపు ఉందో అనిపించి ఒక్క క్షణం గరిటె కదల్లేదు. మరుక్షణం పొయ్యి ఆర్పి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి మరదలి చెప్పు. తమ్ముణ్ణి లోపలికి తీసుకుపోయాక కూడా, ఆఖరి పరీక్షలో ఆ ఊపిరితిత్తులు బాగాలేకపోతే వెనక్కి పంపేస్తామన్నారు. మేమిద్దరం తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. నర్సు తల బయటికి పెట్టి, "బాగున్నాయి, మొదలుపెడుతున్నారు" అంది. నేను ఆ పిల్లను పట్టుకుని ముద్దు పెట్టేశాను.

ఆపరేషనైన కొన్నాళ్ళకు వాడి చేతికి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంతో గాలి పీలిస్తే అందులో మూడు గోళీలు లేవాలి. మొదటిది లేచింది. రెండోది వణుకుతూ లేచింది. మూడోది అంగుళం లేచి పడింది. వాడు మళ్ళీ పీల్చాడు.

"లేచింది రోయ్!" అని నేనరిచిన అరుపుకు వార్డంతా తలలు తిప్పింది.

తమ్ముడు గొట్టం తీసి, "అక్కా, నువ్వు రవ్వంత అవతలికి పోయి కూర్చో, నీ అరుపులకు నాకు నవ్వొస్తాంది, నవ్వితే కుట్లు లాగుతాండాయి" అన్నాడు.

మధ్యలో ఎక్కడా ఆగలేదు! అంత పొడుగు మాట వాడి నోట విని ఎన్నేళ్ళయిందో. నేను అవతలికి పోలేదు. మంచం దగ్గరికి స్టూలు లాక్కుని, "ఇంకా తిట్టురా" అన్నాను.