నేను రాసిన మంచి ఉత్తరం

ఉత్తరం రాయడంలో నన్ను మించినవాళ్ళు మా బట్టల విభాగంలో లేరని నాకు ఇరవై ఏళ్ళుగా గర్వం. సెలవు చీటీ దగ్గర నుంచి పై అధికారి మీద ఫిర్యాదు దాకా, ఎవరికి ఏం కావాలన్నా నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. అడిగినవాళ్ళకి అడిగినంత కాకుండా ఇంకో పేజీ ఎక్కువే రాసిచ్చేదాన్ని. ఆ గర్వం ఎలా దిగిందో చెబుతాను. విన్నాక నన్ను తిట్టుకునేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు.

మాది పెద్దాసుపత్రి వెనక ఉన్న బట్టల విభాగం. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డలు ఇక్కడ ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి పైకి పంపుతాం. మడతల గదికి పెద్దదాన్ని నేను. వయసు వల్ల కొంత, నోటి వల్ల కొంత, అందరూ పెద్దమ్మా అంటారు. మంచం దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో చివర పట్టుకుని, విదిలించి, ఎదురెదురుగా నడిచి రావాలి. ఒక్కతే మడతపెట్టే మనిషిని నా సర్వీసులో ఒక్కదాన్నే చూశాను. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి, రెండు విదిలింపుల్లో పని కానిచ్చేది. తడి మూట ఎత్తబోతుంటే ఎవరైనా చెయ్యి వేస్తే కసిరేది. అందుకని మొండిపిల్ల అని పేరు పెట్టాం. పిల్ల అన్నానే గానీ ముప్పై ఎనిమిదేళ్ళు.

ఆమె భర్తను కుర్చీలాయన అనేవాళ్ళం. ఆసుపత్రి వరండాలో చిరిగిపోయిన బెంచీలకు కొత్త రెక్సిన్ వేయడానికి వచ్చాడు. బెంచీలు పన్నెండే. పని మాత్రం నెలన్నర సాగింది. ఎందుకు సాగిందో మడతల గదిలో అందరికీ తెలుసు. తర్వాత ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు, సాక్షి సంతకం నాదే. అతను వేరే దేశం మనిషి. ఆరు నెలల అనుమతి మీద వచ్చి, అది అయిపోయినా తిరిగి వెళ్ళకుండా ఉండిపోయాడు. పెళ్ళయిన ఐదేళ్ళదాకా పోలీసు బండి కనబడితే పక్క సందులోకి తిరిగే బతుకే. ఇలా ఎన్నాళ్ళు, కాగితాలు సరిచేసుకుందాం అని ఆమే పట్టుబట్టింది.

చట్టం ఇలా ఉంది. భార్య ఈ దేశపు పౌరురాలైతే భర్తకు ఇక్కడ స్థిరపడే వీసా ఇస్తారు. కానీ అతను గడువు దాటి ఉండిపోయినవాడైతే, ముందు దేశం విడిచి వెళ్ళి, తన దేశంలో ఉన్న మన ఎంబసీలో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. తీరా దేశం విడిచాడో, గడువు దాటి ఉన్న తప్పుకు పదేళ్ళు తిరిగి రాకూడదన్న నిషేధం వచ్చి నెత్తిన పడుతుంది. వెళ్ళి రమ్మనేదీ వాళ్ళే, వెళ్ళావు గనక రావద్దనేదీ వాళ్ళే. దీనికి ఒక్కటే దారి, దాని పేరు మినహాయింపు. భర్త లేకపోతే ఈ దేశంలో ఉన్న భార్య తట్టుకోలేని కష్టంలో పడుతుందని కాగితాల మీద రుజువు చేస్తే నిషేధం ఎత్తేస్తారు. మామూలు కష్టం సరిపోదు. బెంగ, ఒంటరితనం, కన్నీళ్ళు లెక్కలోకి రావు, అవి భర్త దూరమైన ప్రతి భార్యకూ ఉండేవేనట. అంతకు మించి ఉండాలి. ఎంత మించాలో మాత్రం ఎక్కడా రాసి పెట్టలేదు.

మొదటి మెట్టు, పెళ్ళి నిజమైనదని నిరూపించడం. ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు, ఇద్దరి పేరుతో వచ్చిన ఉత్తరాలు మొండిపిల్ల ఒక చెప్పుల డబ్బా నిండా పోగేసింది. పధ్నాలుగు నెలలకు అది పాసయింది. కుర్చీలాయన రెండు చొక్కాలు, సూదుల సంచీ సర్దుకుని మూడు నెలల్లో వచ్చేస్తానని బయలుదేరాడు. అక్కడ వేలిముద్రలు, రక్తపరీక్ష, పోలీసుల దగ్గర నుంచి కాగితం, అన్నీ అయ్యాక ఇంటర్వ్యూ. ఏడు నిమిషాలు పట్టిందట. నిషేధం ఉంది, మినహాయింపుకు దరఖాస్తు చేసుకో అని ఒక చీటీ చేతిలో పెట్టి పంపేశారు.

ఆ వారంలోనే మొండిపిల్ల నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, నా గురించి నాలుగు ముక్కలు రాసివ్వాలి. వీసా ఆఫీసుకి. నన్ను ఎరిగున్నవాళ్ళ ఉత్తరాలు కావాలన్నాడు లాయరు."

"ఏమని రాయమంటావే?"

కాసేపు నీళ్ళు నమిలింది. "మీకు తెలిసిందే రాయండి" అంది.

నా కష్టం రాయండి అని ఆమె నోటితో అడగాలి. అడిగితే ఏం కష్టం అని నేనడుగుతాను. అప్పుడు చెప్పాలి. ఆ చెప్పడం దగ్గరే ఆమెకు ప్రాణం పోతుంది. నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు. నాకు తెలిసిందంటే ఆమె నాకు చూపించిందే కదా, అదే రాశాను. మూడు పేజీలు. "ఈమె వంటి కార్యదక్షురాలిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. భర్త దూరమైనా ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఒకరి సాయం కోరలేదు, ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. ఇంటినీ ఉద్యోగాన్నీ ఒంటి చేత్తో నెట్టుకొస్తున్న ధైర్యశాలి." గదిలో చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మొండిపిల్ల మాత్రం తల వంచుకుని గలేబులు లెక్కపెట్టుకుంటోంది. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

నేనొక్కదాన్నేనా? ఆమె కింది వాటాలో ఉండే ఆవిడ, ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియదు, అంత నెమ్మది అని రాసింది. పిల్లల వార్డు నర్సు, ఎప్పుడు చూసినా నవ్వుమొహమే అని రాసింది. ప్రభుత్వానికి ఉత్తరమంటే మన బుర్రలకు తెలిసింది మంచి నడవడి సర్టిఫికెట్ ఒక్కటే. పరాయి ఆఫీసుకి ఒక ఆడమనిషి అవస్థలు ఏకరువు పెట్టడం మర్యాద కాదనుకుంటాం. లాయరన్నా చదివాడా అంటే, అదీ లేదు. ఆఫీసులో అమ్మాయి అన్నీ కలిపి కట్ట కట్టి పంపేసింది.

మొండిపిల్ల పదకొండు నెలలు ఎదురుచూసింది. టపా పెట్టె తెరిచీ మూసీ దాని తాళం అరిగిపోయింది. చివరికి జవాబొచ్చింది. టీ వేళ దాన్ని నా ముందు పెట్టి, వెళ్ళి మడతలు మొదలుపెట్టింది. రెండో పేజీలో నా వాక్యాలు కనబడ్డాయి. సెలవు పెట్టలేదు, సాయం కోరలేదు, ఒంటి చేత్తో, అన్నీ ఉన్నాయి. దరఖాస్తుదారు సమర్పించిన సాక్ష్యం ప్రకారమే అతని భార్య అతను లేకుండా సమర్థంగా జీవిస్తున్నారు గనక మినహాయింపు నిరాకరించడమైనది అని కింద ముక్తాయింపు. నా చేతి వంక చూసుకున్నాను. మూడు పేజీలు రాసిన చెయ్యి ఇదే కదా అనిపించింది.

మర్నాడు ఆమె పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేనే వెళ్ళాను. ఆమె ఎన్నడూ ఎవరినీ ఇంటికి పిలవలేదు, చిరునామా జీతాల గుమాస్తా దగ్గర తీసుకున్నాను. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. గోడ పట్టుకుని నడుస్తోంది. నడుముకు దుప్పటి చీలిక బిగించి కట్టుకుంది.

లోపల మంచం మీద వాళ్ళ నాన్న. ఒంట్లో బాగుండదని ఎప్పుడో అన్నట్టు గుర్తు, అంతే. చెట్టంత మనిషి, కుడిపక్క మొత్తం పడిపోయింది. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి ఏదో అన్నాడు.

"అల్లుడొచ్చాడా అని అడుగుతున్నారు" అంది. "తలుపు చప్పుడైతే అదే అడుగుతారు."

నిలదీస్తే అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. పెళ్ళైన దగ్గర నుంచీ ఆయన్ను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, వీపు మీద ఎక్కించుకుని రెండంతస్తులు దింపి ఎండలో కుర్చీ వేయడం, అన్నీ కుర్చీలాయనే చేసేవాడు. అతను వెళ్ళాక ఈ పిల్లే ఎత్తుతోంది. పొద్దున ఎత్తి, పనిలోకి వచ్చి, మళ్ళీ మధ్యాహ్నం విరామంలో పరుగెత్తుకెళ్ళి పక్క మార్చి వచ్చేదట. టీ తాగకుండా ఎక్కడికి పోతుందో అని మేం వెనకాల జోకులేసుకునేవాళ్ళం. ఏడాది కిందట నడుములో ఏదో కలుక్కుమందట. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. పనిచేసేది ఆసుపత్రిలో. ఇప్పుడు మూడు రోజులుగా వంగలేక, తండ్రి పక్కన నేల మీదే పడుకుని ఉంది. ఆ పెద్దాయన కిందికి దిగి ఏడాదిన్నర దాటింది.

"ఇది నాకు చెప్పలేదేమే?"

"మీరు అడగలేదుగా పెద్దమ్మా."

నిజమే. అడగలేదు. దానికి బదులు చప్పట్లు కొట్టించాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. ఆమెను రెక్క పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఎక్స్‌రే తీసి, వెన్నుపూస పక్కకు జరిగింది, బరువు ఎత్తకూడదని రాసిచ్చాడు. తండ్రి జబ్బుకు వేరే కాగితం. తర్వాత లాయరు ఆఫీసు. ఆయన మా పాత ఉత్తరాలు మొదటిసారి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవేమిటండీ? ఈవిడకి ఉద్యోగం ఇప్పించడానికి రాసినట్టున్నాయి."

"పంపేముందు మీరు చదవాలి కదండీ" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. వస్తే రానీ.

మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నాడు. ఇప్పుడు డాక్టరు కాగితాలున్నాయి, ఆశ ఉంది. కొత్త ఫారం అక్కడికి పంపుతాం, దరఖాస్తు భర్త పేరు మీద ఉంటుంది గనక అతను సంతకం చేసి నెలాఖరులోగా తిప్పి పంపాలి అన్నాడు. నేను ఇంటికొచ్చి కూర్చుని ఎనిమిది పేజీలు రాశాను. ఈసారి ఒక్క పొగడ్త లేదు. ఎన్ని మెట్లు, ఎంత బరువు, ఎన్నిసార్లు పక్క మార్చాలి, అదే రాశాను. ముందు రాసింది నా తెలివితక్కువతనం అని కూడా రాశాను.

ఆదివారం పొద్దున ఆ ఉత్తరం పట్టుకుని ఆమె ఇంటికెళ్ళాను. ఆమె తండ్రికి గడ్డం గీస్తోంది. అప్పుడే కుర్చీలాయన ఫోన్ వచ్చింది. చేతులకు సబ్బు నురగ ఉందని ఫోన్ కిటికీ దగ్గర పెట్టి, గొంతు బయటికి వినబడేలా చేసింది. నేనున్నానని అతనికి తెలియదు.

"ఫారం అందింది" అన్నాడు. "సంతకం ఇంకా పెట్టలేదు."

"ఎందుకని?"

"మళ్ళీ ఏడాది పైన పడుతుంది. ఎందుకా అని ఆలోచిస్తున్నాను. ఆ ఉత్తరాలన్నీ నాకూ పంపారు కదా, పెద్దమ్మగారు రాసింది నాలుగైదుసార్లు చదివాను. నువ్వు ఫోన్లో చెప్పేదీ అదే. నేనున్నప్పటికన్నా ఇప్పుడే నువ్వు..." అని ఆగాడు. "ఇక్కడ అన్నయ్య వాళ్ళ షెడ్డులో నన్నూ కలిసి పని చేసుకోమంటున్నాడు. ఒక్కమాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నేను లేక నీకు గడవడం లేదా?"

నేను లేచి వెళ్ళి ఎనిమిది పేజీలూ ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. చెప్పవే అని పెదాలతోనే అన్నాను. ఏడాదికి పైగా ఆఫీసులు, అధికారులు, లాయర్లు చుట్టూ తిరిగి అడుగుతున్న ప్రశ్న ఇదే. ఇప్పుడు కట్టుకున్నవాడే అడుగుతున్నాడు. దీనికి రుజువులు అక్కర్లేదు, ముద్రలు అక్కర్లేదు.

ఆమె ఆ కాగితాల వంక చూసింది. సగం గీసిన తండ్రి గడ్డం వంక చూసింది.

"మాకేమండీ, బాగానే ఉన్నాం" అంది. "నాన్న కూడా కులాసా."

నేను నోరు తెరిచాను. అరిచి చెప్పేద్దామనే తెరిచాను. సబ్బు చేత్తో నా మణికట్టు పట్టుకుంది. తండ్రిని ఎత్తే చెయ్యి అది, ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. నేను మాట మింగేశాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది మొదటి ఉత్తరం కాదు, ఆ మింగిన మాట.

"అదే అనుకున్నాను" అన్నాడు అటు నుంచి. "సరే అయితే, ఒళ్ళు జాగ్రత్త" అని పెట్టేశాడు.

ఆమె చెయ్యి వదిలిందో లేదో నేను తిట్లు లంకించుకున్నాను. "బుద్ధుందా నీకు? అడిగాడు కదే. నోరు తెరిచి అడిగాడు. ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

ఆమె కత్తి కడుక్కుని మళ్ళీ గడ్డం గీయడం మొదలుపెట్టింది. నాకు వినబడేంత మెల్లగా అంది.

"ఆఫీసు వాళ్ళంటే నన్నెరగరు, పెద్దమ్మా. మీరంటే మా ఇల్లు చూడలేదు. ఆయన ఆరేళ్ళు ప్రతిరోజూ నాన్నని వీపు మీద మోశారు. తను వెళ్ళాక ఎవరు మోస్తున్నారని ఒక్కసారన్నా అనుకోలేదా?"

పెద్దాయన ఒక చెంప నురగతో మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఫారం మీద సంతకం పడలేదు. నెలాఖరు దాటింది.